కొత్త టీమ్ లీడ్‌ల లీడర్‌షిప్ ట్రైనింగ్ రివ్యూ: మొదటి సగం సూపర్, రెండో సగం కోపం తెప్పించింది

మా కంపెనీ బయటి సంస్థతో పెట్టించిన ట్రైనింగ్ ఇది, సంస్థ పేరు రాయట్లేదు, ఇలాంటి కోర్సులో చేరదామా వద్దా అనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

మొదలుపెట్టడమే ఫ్రెంచ్, రేవెన్ అనే సోషల్ సైకాలజిస్టులు 1959లో చెప్పిన ఐదు రకాల పవర్‌తో. కుర్చీ వల్ల వచ్చేది, ఏదైనా ఇవ్వగలం కాబట్టి వచ్చేది, శిక్షించగలం కాబట్టి వచ్చేది, పని బాగా తెలిసినందుకు వచ్చేది, మనిషి మీద గౌరవంతో వచ్చేది. మొదటి మూడూ ఎక్కువగా పోస్టుతో వస్తాయి పోస్టుతోనే పోతాయి, చివరి రెండూ మనం సంపాదించుకోవాల్సిందే. ఇంతవరకు ఎవరైనా చెప్తారు, కానీ ట్రైనర్ వెంటనే "మీ టీమ్ మీ మాట ఎందుకు వింటోందో రాయండి" అన్నారు, చాలామందికి పెన్ను కదల్లేదు.

తర్వాత పెట్టిన ఎక్సర్‌సైజ్ అయితే అదిరిపోయింది. రెండు గ్రూపులకీ ఒకటే పని, కలిపేసిన కస్టమర్ కంప్లైంట్ కార్డులు వరస పెట్టి ముందు ఏవి తేల్చాలో చెప్పాలి. ఒక లీడర్‌ని కారణం చెప్పకుండా ఆర్డర్లు మాత్రమే వెయ్యమన్నారు, ఇంకో లీడర్‌ని అందర్నీ అడిగి చెయ్యమన్నారు. మొదట్లో ఆర్డర్ల గ్రూపే ఫాస్ట్‌గా వెళ్ళింది. మధ్యలో లీడర్లిద్దర్నీ బయటికి పిలిచేసరికి ఆ గ్రూపులో ఒకాయన చేతిలో కార్డు పట్టుకుని "ఇది ఎటు పెట్టాలి, ఆవిడ వచ్చాక అడుగుదాం" అని ఆగిపోయాడు, మిగతావాళ్ళు ఫోన్లు తీశారు, రెండో గ్రూపేమో వాదించుకుంటూనే పని చేసుకుపోయింది. అప్పుడు చెప్పారు కర్ట్ లెవిన్, లిప్పిట్, వైట్ అనే సైకాలజిస్టులు 1939లో రాసిన పిల్లల క్లబ్బుల స్టడీ గురించి, అక్కడా అంతేనట, అధికారం చెలాయించే లీడర్ గదిలోంచి వెళ్ళగానే పని తగ్గిపోయేది. కళ్ళతో చూశాక విన్నాం కాబట్టి బుర్రకెక్కింది.

బోనస్‌ల టాపిక్ మాత్రం తొందరగా లాగించేశారు. పజిల్స్ చేస్తున్నవాళ్ళకి డబ్బులిచ్చి తర్వాత ఆపేస్తే ఖాళీ టైమ్‌లో వాటి జోలికి వెళ్ళడం తగ్గిందని ఎడ్వర్డ్ డెసీ అనే సైకాలజిస్ట్ 1971లో చూపించాడు, అది చెప్పి వదిలేశారు. అంటే జీతం పెంచక్కర్లేదా అని ఒకావిడ అడిగితే సరైన జవాబే రాలేదు. సరిపడా జీతం వేరు, ఇష్టంగా చేసే పనికి ఎర చూపించడం వేరు, ఆ తేడా కదా చెప్పాల్సింది!

ఇక రెండో సగం, ఇన్‌ఫ్లుయెన్స్ టెక్నిక్స్ అట. ఎదుటివాళ్ళు ఎలా కూర్చుంటే అలా కూర్చోండి, మాటిమాటికీ పేరు పెట్టి పిలవండి, ముందు పెద్ద పని అడిగి కాదన్నాక అసలు పని అడగండి... పొద్దున గౌరవం సంపాదించుకోవాలని చెప్పి మధ్యాహ్నం నటించడం నేర్పిస్తే ఎలా? రోజూ పక్కనే కూర్చునే టీమ్‌కి ఇవి తెలియకుండా ఉంటాయా, ఒక్కసారి దొరికితే తర్వాత నిజంగా మెచ్చుకున్నా నమ్మరు.

దానికి బదులు శిక్షించే అధికారం ఎప్పుడు వాడాలో చెప్పుంటే ఎంత బావుండేది. సేఫ్టీ రూల్ పక్కన పెట్టేవాళ్ళు, తోటివాళ్ళని ఏడిపించేవాళ్ళు ఉంటారు, అక్కడ లీడర్ మెత్తగా ఉంటే నష్టపోయేది మిగతా టీమే. కొత్త లీడ్‌లందరికీ భయం ఉండేది ఇక్కడే, దీని మీద ఒక్క స్లైడ్ లేదు.

నా రేటింగ్ ఐదుకి మూడు, అదీ ఆ కార్డుల ఎక్సర్‌సైజ్ వల్లే. చేరేముందు సిలబస్ తెప్పించుకుని చూడండి, అందులో క్రమశిక్షణ టాపిక్ లేకపోతే పెట్టమని గట్టిగా అడగండి.