పదిహేనేళ్లు దాటిన జాగ్వార్ ఎక్స్‌కేఆర్, మా ఉప్పుగాలిలో

భీమవరంలో నాది గాలి పని. రొయ్యల చెరువులకు ఏరియేటర్లు, హేచరీలకు రూట్స్ బ్లోయర్లు బాగుచేసే షాపు, ఇరవై ఆరేళ్ల నుంచి నడుపుతున్నాను. బ్లోయర్ మోత తేడాగా ఉందని ఫోన్‌లో వినిపిస్తే చాలు, పోయింది బేరింగో గేరో చెప్పేస్తాను. అందుకే 2018లో హైదరాబాద్‌లో ఈ కారు బానెట్ ఎత్తినప్పుడు నా చూపు నేరుగా ఇంజిన్ నడుమకే పోయింది. రెండు సిలిండర్ వరసల మధ్య పల్లంలో, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే సూపర్‌ఛార్జర్ పడుకుని ఉంది. అది మా హేచరీ బ్లోయర్ జాతిదే. 1860లో అమెరికాలోని ఇండియానాలో రూట్స్ అన్నదమ్ములు పేటెంట్ తీసుకున్న యంత్రానికి మునిమనవడు. కొనాలని అక్కడే అనుకున్నాను.

నాది 2010 మోడల్ జాగ్వార్ ఎక్స్‌కేఆర్ కూపే. 5 లీటర్ల వి8 ఇంజిన్, 510 హార్స్‌పవర్, 625 న్యూటన్ మీటర్ల టార్క్. కొన్నప్పుడు 38 వేల కిలోమీటర్లు తిరిగి ఉంది, ఇప్పుడు 71 వేలు. ఎక్స్‌కే తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి ఇక ఎవరు కొన్నా పాతదే కొనాలి. అలా కొనబోయేవాళ్ల కోసం నా ఏడేళ్ల అనుభవం రాస్తున్నాను.

ముందు నడక సంగతి. ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరి పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి రాజోలు దాకా వెళ్లొస్తాను. వంతెన మీద వశిష్ఠ గోదావరి చల్లగాలికి ఇంజిన్ ఊపిరి మారడం తెలుస్తుంది. ఇంజిన్ పొగతో తిరిగే టర్బో అయితే, ఆ పొగ వేగం పుంజుకునే దాకా కాస్త ఆగాలి. దీనికి ఆ ఆలస్యం లేదు. బ్లోయర్‌ని తిప్పేది ఇంజిన్ బెల్టే, కాలు ఎంత నొక్కితే అంత గాలి అప్పటికప్పుడు లోపలికి పోతుంది. రెండు రోటర్లు, ఒక్కో దానికి నాలుగు రెక్కలు. అవి 160 డిగ్రీలు మెలి తిరిగి ఉంటాయి, ఒకదాన్నొకటి తాకకుండానే తిరుగుతాయి. ఆ మెలిక వల్లే మా హేచరీ బ్లోయర్ లాగా గోల చేయకుండా సన్నగా ఈల వేస్తుంది. వందకి వెళ్లడానికి 4.8 సెకన్లని కంపెనీ చెప్పిన లెక్క. మా ఊళ్ల మధ్య దాన్ని పరీక్షించే చోటు లేదు, పరీక్షించకూడదు కూడా. గట్టున స్కూలు పిల్లలు సైకిళ్ల మీద పోతుంటారు. తాడేపల్లిగూడెం దగ్గర పెద్ద హైవే ఎక్కాక, అది కూడా రోడ్డు ఖాళీగా ఉంటేనే, కాస్త కాలు ఆనిస్తాను.

అసలు విషయం వేడి. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. వేడెక్కిన గాలిలో ప్రాణవాయువు పలచబడుతుంది. ఎండాకాలం చెరువులో నీరు కాగి రొయ్యకి ఊపిరి ఆడనట్టే ఇంజిన్‌కీ ఆడదు. అందుకని ఒత్తిన గాలిని చల్లబరచడానికి దీనికి రెండు ఇంటర్‌కూలర్లు పెట్టారు. వాటి నీళ్లు తిప్పడానికి విడిగా ఒక కరెంటు పంపు ఉంది. మే నెలలో ఆ పంపు నిలబడిపోతే కారు పైకి మామూలుగానే నడుస్తుంది, బలం మాత్రం బాగా పడిపోతుంది. చెరువు దగ్గర తెల్లారే నీటిలో ప్రాణవాయువు కొలిచే డీఓ మీటర్ చూసినట్టు, నేను కారు కంప్యూటర్ లెక్కలు చదివే ఓబీడీ రీడర్ తగిలించి ఫోన్‌లో కూలెంట్ వేడి, లోపలికి పోయే గాలి వేడి రెండూ చూస్తాను. ఈ కారున్న ప్రతి ఒక్కరూ చేయాల్సిన పని ఇది.

2020 చివర్లో చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే డబ్బాలో గులకరాళ్లు కదిపిన చప్పుడు మొదలైంది. హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాపుకి పంపాను. వాల్వులని వేళకి తెరిపించే టైమింగ్ చైన్ పోయింది, ఇంజిన్ విప్పాలి, నాలుగున్నర లక్షలు అవుతుంది అన్నారు. తొలినాళ్ల 5 లీటర్ల ఇంజిన్లలో చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్లు అరిగే సంగతి నేనూ విన్నదే కాబట్టి రెండు రోజులు నిద్ర పట్టలేదు. చివరికి పని వద్దని చెప్పి బండి తెప్పించుకున్నాను. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొస సూపర్‌ఛార్జర్ ముక్కుకి, అంటే బెల్టు తగిలే ముందు భాగానికి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని విన్నాను. చప్పుడు అక్కడిదే. బెల్టు పుల్లీని రోటర్ గేర్లకి కలిపే చిన్న కప్లర్ అరిగింది, అంతే. మా పనిలో కప్లర్ అరగడం అంటే బెల్టు అరగడం లాంటిది, వయసుతో వచ్చేది.

సంక్రాంతి సెలవుల్లో షాపు మూసి, ఇద్దరు కుర్రాళ్లతో కలిసి రెండు రోజుల్లో సూపర్‌ఛార్జర్‌ని పైకి ఎత్తాం. ఎత్తగానే గాలి లోపలికి పోయే ఇంజిన్ నోళ్లన్నిటికీ శుభ్రమైన గుడ్డ కుక్కాం. ఒక్క నట్టు లోపలికి జారినా ఇంజిన్ పోయినట్టే. ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతాను. సూపర్‌ఛార్జర్ కింద ప్లాస్టిక్ కూలెంట్ పైపులు ఉంటాయి. పదేళ్లు ఇంజిన్ వేడిలో ఉంటే ఏ ప్లాస్టిక్ అయినా పెళుసెక్కుతుంది. వాటిని మార్చాలంటే మళ్లీ ఇదంతా ఎత్తాలి. కాబట్టి ఎత్తిన రోజే పైపులు, గాస్కెట్లు, వాటర్ పంపు అన్నీ మార్చేయండి, బాగున్నట్టు కనిపించినా సరే. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి కొట్టే ఇంజిన్ కాబట్టి వాల్వుల వెనక మసిని కడిగే పెట్రోలు ఉండదు, అదీ గీకి తీశాం. ముక్కులో గేర్లకి విడిగా నూనె ఉంటుంది, అది నల్లగా తారులా దిగింది. విడిభాగాలు బయటి దేశం నుంచి తెప్పించుకున్న ఖర్చుతో కలిపి నాకు లక్షా ఎనిమిది వేలు అయ్యింది. మర్నాడు స్టార్ట్ చేసినప్పుడు వినిపించిన ఆ సన్నటి ఈల విని మా పెద్ద కుర్రాడు చప్పట్లు కొట్టాడు.

ఇంకోసారి టెన్షన్ పడింది ఆకివీడు దగ్గర. ఒక గ్యారేజీలో హోస్ మార్చి క్లాంపు సరిగా బిగించలేదు. ఫోన్‌లో కూలెంట్ వేడి 112 డిగ్రీలు చూపించగానే ఇంజిన్ ఆపేసి తుమ్మచెట్టు కింద నిలబెట్టాను. కొబ్బరికాయల లారీ అతను దిగి వచ్చి, "ఆయ్, బోరు నీళ్లు పట్టుకొచ్చెయ్యమంటారా అండీ?" అన్నాడు. "వద్దు బాబూ, తాగే నీళ్లుంటే చూడు" అన్నాను. డెల్టాలో ఇది మర్చిపోకూడదు. మన బోరు నీళ్లు ఉప్పు, రేడియేటర్‌లో పోస్తే లోపలి అల్యూమినియాన్ని తినేస్తుంది. గంటన్నర చల్లారనిచ్చి, క్లాంపు బిగించి, వాటర్ టిన్ను నీళ్లు పోసి ఇంటికి తెచ్చాను. మర్నాడు మొత్తం దించి సరైన కూలెంట్ నింపాను.

బాడీ అంతా అల్యూమినియం, తుప్పు అనే మాట లేదు. కానీ అల్యూమినియాన్ని ఇనుప స్క్రూ తాకేచోట ఉప్పు చేరితే తెల్లటి పొడి కట్టి పెయింట్ బుడగలా లేస్తుంది. పేరుపాలెం బీచ్‌కి వెళ్లొచ్చినా, కారుతూ పోయే రొయ్యల వ్యాన్ వెనక నడిపినా, ఆ సాయంత్రమే చక్రాల గూళ్లు మంచినీళ్లతో కడుగుతాను. కోతల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, ఆ ఊక రేడియేటర్ ముందు పేరుకుపోతుంది. అదీ చూసుకోవాలి.

పెట్రోలు గురించి చాలామంది అడుగుతున్నారు. ఇప్పుడు పెట్రోలులో కలిపే 20 శాతం ఇథనాల్ ఈ కారు తయారైన కాలానికి లెక్కలో లేదు. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, మా దగ్గర గాలిలో తేమకి కొదవ లేదు. అందుకే ట్యాంకులో నెలల తరబడి నిల్వ ఉంచను. పోయించేది మాత్రం 95 ఆక్టేనే. ఊళ్లో లీటరుకి ఐదు, హైవే మీద ఎనిమిది ఇస్తుంది. వెనక టైర్లు 285/30 ఆర్20, భీమవరంలో దొరకవు, ముందే ఆర్డర్ చేయాలి. బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, వారం బండి బయటికి తీయకపోతే ఛార్జర్ తగిలించండి. ఆయిల్ చూసే కడ్డీ లేదు, డాష్‌బోర్డ్ స్క్రీన్ మీదే చూడాలి. వెనక సీట్లు మా ఆవిడ కొబ్బరికాయల సంచి పెట్టడానికే పనికొస్తాయి. స్పీడ్ బ్రేకర్లన్నీ ఏటవాలుగా ఎక్కించాలి. 15 ఏళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ ఐదేళ్లు పొడిగించుకున్నాను, బండి ఒక్కసారికే పాసయ్యింది.

ఏటా సగటున లక్షా పాతిక వేలు దీని మీద పెడుతున్నాను. ఆ డబ్బు పక్కన పెట్టుకోలేనివాళ్లు, దగ్గర్లో నమ్మకంగా విప్పి బిగించే మనిషి లేనివాళ్లు కొనొద్దు. ఆ రెండూ ఉంటే కొనుక్కోండి. ఇంత దగ్గరగా మనతో మాట్లాడే ఇంజిన్ ఇంకొకటి నా చేతికి రాలేదు.

కొనడానికి వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఆ రోజుకి తిరిగొచ్చేసి, మర్నాడు మీ ముందే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయమనండి. మొదటి అర నిమిషం ఎవరినీ మాట్లాడనివ్వకుండా వినండి.