గీతలు పోయాక మిగిలిన వాన: ‘సెవెన్ సమురాయ్’ 4కె డిస్కుతో ఏడాది

బందిపోట్ల నుంచి తమ ఊరిని కాపాడుకోవడానికి రైతులు ఏడుగురు సమురాయ్ యోధుల్ని తెచ్చుకునే కథ, అకీరా కురొసావా తీసిన జపాన్ సినిమా ‘సెవెన్ సమురాయ్’. నేను మొదటిసారి దాన్ని చూసింది హాస్టల్లో, ఎవరో కాపీ చేసిచ్చిన డీవీడీలో. ఆ కాపీలో సినిమా మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా సన్నగా జల్లు పడుతూనే ఉండేది. అన్నీ నిలువు గీతలు. ఎండలో నడిచే మనిషి మీదా జల్లే, మిల్లులో కూర్చున్న ముసలి పెద్దాయన మీదా జల్లే. చివరి పోరాటంలో నిజంగా వాన మొదలయ్యేసరికి ఏది వానో ఏది గీతో తెలిసేది కాదు. ఇరవై ఏళ్లపాటు ఆ సినిమా అంటే అలాగే ఉంటుందనుకున్నాను.

సినిమాకి డెబ్భై ఏళ్లు నిండిన 2024లో, దాన్ని నిర్మించిన తోహో సంస్థ చేయించిన కొత్త 4కె ప్రతిని, అంటే హెచ్‌డీకంటే ఎక్కువ వివరంగా బాగుచేసిన ప్రతిని, ఫ్రాన్స్‌లో జరిగే కాన్ సినిమా ఉత్సవంలో పాత క్లాసిక్‌ల విభాగంలో వేశారు. ఆ ఏడాది చివర్లో డిస్కులొచ్చాయి. నేను అమెరికాలో విడుదలైన సెట్టు తెప్పించుకున్నాను. వచ్చి ఏడాది దాటింది. పూర్తిగా ఐదుసార్లు చూశాను. చివరి ముప్పావుగంట ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

ఆ వాన కోసమే. ఇప్పుడు గీతలు లేవు, వానొక్కటే ఉంది. అందులో కూడా పొరలున్నాయి. కెమెరాకి దగ్గరగా లావు ధారలు, వాటి వెనక గుర్రాలు, ఇంకా వెనక గడ్డి కప్పుల మీద పొగలా లేచే తుంపర. కురొసావా ఈ పోరాటాన్ని ఒకేసారి మూడు కెమెరాలతో, దూరం నుంచి లాగే లెన్సులతో తీశాడు. అలాంటి లెన్సులో దూరాలన్నీ దగ్గరకొచ్చి మనుషులు, గుర్రాలు, బురద ఒకదాని మీద ఒకటి పడ్డట్టు కనిపిస్తాయి. పాత కాపీలో అదంతా ఒకే బూడిదరంగు ముద్ద. ఇందులో సమురాయ్‌ల నాయకుడు కాంబేయి వానలో నిలబడి విల్లు ఎక్కుపెట్టినప్పుడు అతని నుదుటి మీంచి నీళ్లు కళ్లలోకి దిగుతున్నాయి, అయినా రెప్ప వెయ్యడు. ఆ పాత్ర వేసిన తకాషి షిమురా ముఖాన్ని అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు.

వానకంటే పెద్ద మాట ఇంకొకటుంది. అది నాకు కాదు, మా నాయినకు కనిపించింది.

మా నాయిన మిర్యాలగూడ దగ్గర రైతు. సాగర్ కాలువ రాకముందు రోజులూ తెలుసు, వచ్చాక రోజులూ తెలుసు. సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి పక్కన కూర్చుని నేనే తెలుగులో చెబుతూ వచ్చాను. సమురాయ్‌లను వెతుక్కుంటూ పట్నానికొచ్చిన రైతుల దగ్గర బియ్యం ఎవరో ఎత్తుకుపోతారు. బియ్యం కుండకి కాపలా పెట్టిన యోహే అనే రైతు నేల మీద మిగిలిన గింజల్ని ఏరుకుంటాడు. నేను డీవీడీలో చూసిన ప్రతిసారీ అతను నేల తడుముతున్నాడనే అనుకున్నాను. ఈ డిస్కులో చెక్క నేల మీద గింజ గింజా కనిపిస్తుంది. రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఒక్కొక్కటే కుండలో వేస్తుంటాడు.

నాయిన నా చేతి మీద చెయ్యి వేసి, “ఆపురా కొంచెం” అన్నాడు. ఆపాను. చాలాసేపు చూశాడు. “కల్లంల మా అమ్మ గిట్లనే ఏరేది. ఆ వడ్లు మాకు గావు, కౌలు కిందికి. మేం తిన్నది జొన్న గటక” అన్నాడు. సినిమాలో రైతులూ అంతే, సమురాయ్‌లకి తెల్లన్నం పెట్టి తాము చిరుధాన్యం తింటారు. ఆ మాట నేనింకా చెప్పనే లేదు. బార్లీ కోత అయ్యాక పొలాల్లోకి నీళ్లు పెట్టి ఊరి చుట్టూ అడ్డు కట్టే చోట కూడా, నేను వివరించబోయేలోపే “మడి నిండితె గుర్రం దిగవడ్తది” అన్నాడు.

ఒక్క ఆ గింజల సీనుకే ఈ డిస్కుకి పెట్టిన డబ్బు దక్కిందనిపించింది. కానీ ఈ సినిమా మా ఇంట్లో ఆడటానికి ముందు పడ్డ పాట్లు కూడా చెప్పాలి, ఎందుకంటే కొనబోయే ప్రతివాళ్లూ అక్కడే ఇరుక్కుంటారు.

నాలుగేళ్ల కింద ఇదే సినిమా పాత బ్లూ-రే, అంటే డీవీడీ తర్వాత వచ్చిన హెచ్‌డీ డిస్కు, విదేశం నుంచి తెప్పించాను. మూడు వారాలు ఎదురుచూసి, కస్టమ్స్ కట్టి, నాయినని ఊరి నుంచి పిలిపించి, అన్నాలు తిని కూర్చున్నాక డిస్కు పెడితే తెర మీద ఒక్క వాక్యం వచ్చింది: ఈ ప్రాంతంలో ఈ డిస్కు ఆడదు. బ్లూ-రేలకి రీజియన్ తాళం ఉంటుంది. అమెరికా, జపాన్ ‘ఎ’, యూరప్, ఆస్ట్రేలియా ‘బి’, మనం చైనా, రష్యాలతో కలిసి ‘సి’. అమ్మిన పేజీలో ఆ సంగతి ఎక్కడా లేదు. ప్లేయర్ కొన్న షాపుకి తీసుకెళితే డిస్కు పాడైందన్నారు. వెనక్కి పంపితే వచ్చే డబ్బుకంటే పోస్టు ఖర్చే ఎక్కువ. ఆ రాత్రి నాయిన ఏమీ అనలేదు, పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్లిపోయాడు. ఆయన్ని ఉత్తినే అంత దూరం తిప్పానన్న బాధ నాకింకా ఉంది.

4కె డిస్కులకి ఆ తాళం లేదు, ఏ దేశానివైనా ఆడతాయి. అయితే ఈ సెట్టులో 4కె డిస్కు ఒక్కటే. సినిమా ఎలా తీశారో చెప్పే భాగాలతో తోడుగా వచ్చిన రెండు బ్లూ-రేలు మళ్లీ ‘ఎ’ తాళంలోనే ఉన్నాయి. నా ప్లేయర్లో అవి ఇవాళ్టికీ తెరుచుకోలేదు. డబ్బు మూడు డిస్కులకి కట్టాను, చూస్తున్నది ఒకటి.

గీతలు లేవని పైన రాశాను, లోపాలే లేవనిపించేలా. ఐదోసారి చూశాక ఆ మాట కొంచెం సవరించుకోవాలి. ఒక సీను తెర పక్కకి తుడుచుకుపోయి ఇంకోటి వచ్చే చోట్ల బొమ్మ ఒక్కసారిగా మెత్తబడి మళ్లీ తేరుకుంటుంది. ఆ రోజుల్లో అలాంటి మార్పుల కోసం ల్యాబులో ఆ ముక్కని ఇంకోసారి ఫిల్ము మీదికి ఎక్కించేవాళ్లు, ఆ తేడా ఎవరు బాగుచేసినా పోదు. ఇంకోటి, మొదటి వారం ముఖాలన్నీ మైనం పూసినట్టు కనిపించి డిస్కునే తిట్టుకున్నాను. తప్పు నా టీవీది. బొమ్మని నునుపుచేసే ‘నాయిస్ రిడక్షన్’, కదలికని నునుపుచేసే ‘మోషన్’ సెట్టింగులు రెండూ ఆపాకే ఫిల్ము రవ్వ, అంటే ఫిల్ము బొమ్మలో సహజంగా ఉండే సన్నటి చుక్కలు, తిరిగొచ్చింది, ఆ రవ్వతోపాటు వానా వచ్చింది. శబ్దం అసలు మోనోనే, అంటే అంతా ఒకే దారిలో వస్తుంది. ఐదు స్పీకర్లున్నా నా గదిలో మధ్య స్పీకరొక్కటే పలుకుతుంది. నాకది ఇష్టమే. గది ఊగిపోవాలనుకునేవాళ్లకి నచ్చదు.

కొనమంటానా? నాకు 65 అంగుళాల తెర ఉంది, తెరలు దించితే చీకటయ్యే గది ఉంది, పక్కన వరి తెలిసిన మనిషి ఉన్నాడు. చిన్న టీవీలో పగటిపూట చూసేవాళ్లకి, ఇప్పటికే ఆడే మంచి బ్లూ-రే ఒకటి ఉంటే, ఇంత డబ్బుకి తగ్గ తేడా కనిపిస్తుందని గట్టిగా చెప్పలేను. సినిమా గురించిన భాగాల కోసమే అయితే రీజియన్ తాళం లేని ప్లేయరు ముందు చూసుకోండి.

చివర్లో దిబ్బ మీద నాలుగు సమాధులు, కింద మడిలో డోలు, పిల్లనగ్రోవి వాయిస్తుంటే వరసగా వంగి నాటేసే ఆడవాళ్లు. అక్కడ నాయిన నన్ను తెలుగులో చెప్పొద్దన్నాడు. పాట అయ్యేదాకా వేళ్లతో మోకాలి మీద తాళం వేస్తూ ఉన్నాడు. నాట్లు అయ్యాక మళ్లీ వస్తానన్నాడు, ఈసారి ఇంటర్వెల్ తర్వాత నుంచి పెట్టమన్నాడు.