హన్మకొండ చౌరస్తా దగ్గరి ఊలు షాపు, అల్లిక కొత్తగా నేర్చుకునేటోళ్లకు

చౌరస్తా పక్క సందులో చిన్న ఫ్యాన్సీ షాపు, బయటికి గాజులు లేసులే కనిపిస్తయి గానీ లోపలికి పోతే వెనక గోడ మొత్తం ఊలు ఉండలే. మంచిగ అనిపించింది ఏందంటే కౌంటర్ల కూసునే అక్కకు అల్లిక వచ్చు, ఏం అల్లుతవమ్మా, ఇంతకుముందు అల్లినవా అని అడిగినంకనే ఊలు తీస్తది. బొచ్చుబొచ్చుగ ఉన్న నల్ల ఊలు నచ్చి అడిగితే ఇయ్యనే ఇయ్యలే, దాంట్ల కుట్లు కండ్లకు కనపడవు, మొదలు ఇది పట్టుకో అని లేత పసుపు అక్రిలిక్, 8 ప్లై (ప్లై అంటే దారం ఎంత లావో చెప్పే లెక్క) ఇచ్చింది. గిరాకి పోతది అనుకోకుండ అట్ల చెప్పేటోళ్లు ఎంతమంది ఉంటరు చెప్పండ్రి.

సూదులు 8 నంబర్, అంటే 4 ఎంఎం. ఈ పాత నంబర్ల లెక్కల నంబర్ పెరిగినకొద్దీ సూది సన్నమైతది, 10 అంటే 3.25 ఎంఎం, అందుకే ఆన్‌లైన్ల కొనేటోళ్లు ఎంఎం చూసే తీస్కోండ్రి. వెదురువి దొరికితే ఇంకా మంచిది, అల్యూమినియం సూది మీద కొత్తలో కుట్లు జర్రున జారిపోతయి.

కుట్లు ఎక్కించుడు అక్కనే అక్కడ నిలబెట్టి చూపిచ్చింది. సీదా కుట్టుకు దారం వెనక ఉంటది, సూదిని ముందు నుంచి లూపుల దూర్చి దారం చుట్టి ఇవతలికి గుంజాలె. ఉల్టాకు దారం ముందుకు తెచ్చి, సూదిని వెనక నుంచి ముందుకు దూర్చి, దారం చుట్టి వెనకకు తీయాలె. అంతే, ఈ రెండు చేతికొస్తే చానా అల్లొచ్చు. మొదటి మఫ్లర్ అన్ని వరుసలు సీదానే అల్లమన్నది, ఎందుకంటే ఒక వరుస సీదా ఒక వరుస ఉల్టా అల్లితే నున్నగనైతే వస్తది గానీ అంచులు చుట్టుకుపోతయి, అందుకే స్వెటర్ల కింద రెండు సీదా రెండు ఉల్టా బార్డర్ పెడ్తరు.

ఎంఆర్‌పీ మీద రూపాయి ఎక్కువ తీస్కోలే. కానీ కాటన్ దారంల రంగులు మస్తు తక్కువ, సర్క్యులర్ సూదులు (రెండు సూదుల నడుమ తీగ ఉండేటివి) అసలే లేవు. విడిగా అమ్మే లచ్చీలకు లేబుల్ ఉండది, లాట్ నంబర్ (ఒకటేసారి రంగేసిన దారానికి ఇచ్చే నంబర్) తెల్వది, తర్వాత ఇంకోటి కొంటే రంగుల తేడా వస్తది, కాబట్టి స్వెటర్‌కు కావాల్సిందంతా లేబుల్ ఉన్న ఉండల్లనే, ఒకటే లాట్‌ది, ఒక్కసారే కొనుక్కోండ్రి. దసరా దాటితే చలికాలం గిరాకి, మంచి రంగులు అప్పటికే అయిపోతయి. సాయంత్రం రష్ ఉంటది, నేర్చుకోవాలంటే పొద్దుగాల్నే పోండ్రి, అక్క ఓపికగ చూపిస్తది.