నాలుగేళ్ళ సాఫ్ట్ కోరల్స్: బరంపురం ఇంటి అనుభవం

ఒడిశా బరంపురంలో మా ముందుగదిలో 190 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు పెట్టి నాలుగేళ్ళు దాటింది. ఇంటికొచ్చినవాళ్ళు చేపల్ని చూస్తారు. నా ప్రాణమంతా కోరల్స్ మీదే, అంటే పగడపు జీవుల మీదే.

ముందే ఒక మాట చెప్పాలి. రాయిలా పెరిగే హార్డ్ కోరల్స్, విసనకర్రలా పరుచుకునే సీ ఫ్యాన్లు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులి ఉన్న జాబితా అది. ఒక దుకాణంలో "ఎవరూ అడగరు బాబూ, పట్టుకెళ్ళండి" అని హార్డ్ కోరల్ ముక్క చూపించారు. వద్దని వచ్చేశాను. మీరూ కొనకండి. మెత్తటివాటిలోనే వింతలు బోలెడున్నాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది పుట్టగొడుగులా ఉండే టోడ్‌స్టూల్ లెదర్ కోరల్, అంటే సార్కోఫైటన్. చెన్నై నుంచి రాత్రి రైల్లో థర్మోకోల్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. అప్పుడు అరచేతిలో సగం, ఇప్పుడు టిఫిన్ ప్లేటంత. మూడో నెలలో ఉన్నట్టుండి పాలిప్స్ (దాని ఒంటిమీద చిన్న పువ్వుల్లా విచ్చుకునేవి) అన్నీ లోపలికి ముడుచుకుని, పైభాగం మైనం పూసినట్టు మెరిసింది. వారమైనా అంతే. "చచ్చిపోయిందిరా, నీళ్ళు కుళ్ళకముందే తీసెయ్" అంది అమ్మ. సగం నమ్మాను కూడా. కానీ కుళ్ళు వాసన లేదు, కాడ గట్టిగానే ఉంది. తొమ్మిదో రోజు పొద్దున్న కాచిన పాల మీద మీగడలా ఒక సన్నటి పొర అంచున లేచింది. నీటిని తోసే చిన్న పంపు, పవర్‌హెడ్, కాస్త అటు తిప్పాను. సాయంత్రానికి పొర మొత్తం ఊడిపోయి, కిందనుంచి వందల పాలిప్స్ విచ్చుకున్నాయి. ఒంటిమీద చేరిన నాచు, మురికి అది అలాగే వదిలించుకుంటుంది. ఇప్పుడు ఏడాదికి మూడు నాలుగుసార్లు ముడుచుకున్నా టెన్షన్ పడను. అయితే పక్కవాటిని ఎదగనివ్వకుండా నీళ్ళలోకి రసాయనాలు వదులుతుంది, అందుకని ఫిల్టర్‌లో కార్బన్ నెలనెలా మారుస్తాను.

ఏనుగుచెవి మష్రూమ్ అనే కోరల్ కూడా అందంగా ఉంటుంది, కానీ జాగ్రత్త. రొయ్య ముక్క వేస్తే సంచిమూతి తాడు లాగినట్టు అంచులన్నీ దగ్గరకొచ్చి మూసుకుంటాయి. చిన్న చేపనైనా అలాగే పట్టేస్తుంది. గుంపులుగా రాయికి అంటుకుని పెరిగే జోయాంథిడ్స్ రంగులకు సాటిలేదు, కాకపోతే ఈ జాతి కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. 1971లో హవాయిలో దాన్ని వేరుచేశారు. గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోకండి. అవి అంటుకున్న రాయిని వేడినీళ్ళతో కడగడం, ఉడకబెట్టడం అసలు చేయకండి, ఆవిరితో ప్రమాదం.

మొదటి ఏడాది గోపాల్‌పూర్ నుంచి సముద్రపు నీళ్ళే డబ్బాల్లో తెచ్చాను, పదహారు కిలోమీటర్లేగా అని. వానలు పడ్డాక ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో సాంద్రత 1.018 చూపించింది. కావాల్సింది 1.025. అప్పటినుంచి ఆర్వో నీళ్ళలో ప్యాకెట్ ఉప్పు కలుపుకోవడమే. ఆవిరైన నీటికి మాత్రం ఉప్పు లేని నీళ్ళే పోయాలి, ఎందుకంటే ఉప్పు ఆవిరవదు. మే నెలలో ట్యాంకు 30 డిగ్రీలు తాకేది. మన గాలిలో తేమ ఎక్కువ, నీటి మీద ఫ్యాన్ పెట్టినా పెద్దగా తగ్గదు. రెండో ఏడాది నీళ్ళు చల్లబరిచే చిల్లర్ కొన్నాక 26 దగ్గర నిలిచింది. ఖర్చే, అయినా ముందే కొనాల్సింది.

ఇక జీనియా అనే మరో మెత్తటి కోరల్. పసిపిల్లల చేతుల్లా గుప్పిళ్ళు మూస్తూ తెరుస్తూ ఉంటుంది, రోజంతా. పాలిప్స్ చుట్టూ పేరుకున్న ఆక్సిజన్‌ను అది అలా తోసేస్తుందనీ, దాంతో దాని ఒంట్లో ఉండే ఆల్గే (సూక్ష్మమైన నాచు) ఎక్కువ ఆహారం తయారుచేస్తుందనీ ఎర్రసముద్రపు జీనియా కుటుంబానికి చెందిన జాతి మీద 2013లో వచ్చిన పరిశోధనలో తేలింది. నచ్చిన చోట గడ్డిలా అల్లుకుపోతుంది, అదే దాని చిక్కు. మూడో ఏడాది ఈదురుగాలికి కరెంటు పోయి పదకొండు గంటలు రాలేదు. బ్యాటరీ గాలిపంపు ఒక్కటే ఆడింది. లెదర్, మష్రూమ్ తట్టుకున్నాయి. జీనియా మాత్రం తెల్లారేసరికి జిగురుగా కరిగిపోయింది. రెండు నెలల తర్వాత గాజు తుడుస్తుంటే, వెనక రాయి సందులో గోరంత కాడ, దాని మీద మూడు చేతులు ఆడుతూ కనిపించాయి. ఇప్పుడది ఇసుక మధ్యలో విడి రాయి మీద ఉంది, చుట్టూ జానెడు ఖాళీ వదిలాను.