కిలో రెజిన్ సెట్: హేచరీ ఫైబర్ ట్యాంకు అతుకుకి ఎంతవరకు పనికొస్తుంది?

భీమిలి నుంచి నెల్లూరు తీరం దాకా రొయ్య హేచరీల్లో ఫైబర్ ట్యాంకు చిట్లితే ముందు తెప్పించేది ఈ సెట్టే. కిలో జీపీ (జనరల్ పర్పస్, మామూలు రకం) రెజిన్, బుల్లి సీసాల్లో కోబాల్టు (గడ్డకట్టే వేగం పెంచేది), క్యాటలిస్టు (గడ్డకట్టించేది), మీటరు 450 జీఎస్ఎం మ్యాట్ (చదరపు మీటరుకి 450 గ్రాములు తూగే గాజునార పట్టీ). కెమికల్ షాపుల్లో బ్రాండు లేకుండా విడిగా కట్టిస్తారు. సరుకు చెడ్డదేం కాదు, దాంతోపాటు చెప్పే కొలతే చెడ్డది.

“కిలోకి మూతెడు కోబాల్టు, మూతెడు క్యాటలిస్టు” అంటారు. ఏ మూతలో ఎంత పడుతుందో అమ్మేవాడికీ తెలీదు. మెడికల్ షాపులో సిరంజీలు రెండు కొనండి, దేనికది వేరుగా ఉంచండి. 150 గ్రాముల రెజిన్‌కి కోబాల్టు ఒకటిన్నర మి.లీ. వేసి బాగా కలిపాకే క్యాటలిస్టు 2 మి.లీ. ఈ రెండూ నేరుగా కలిస్తే భగ్గుమంటాయి. క్యాటలిస్టు కంట్లో పడితే చూపుకే ముప్పు, రక్షణ కళ్లద్దాలు లేకుండా మూత తీయొద్దు. మే నెలలో త్వరగా గడ్డకడుతోందని చాలామంది క్యాటలిస్టు తగ్గిస్తారు. తప్పు. ఒక శాతం లోపైతే రెజిన్ లోపల ఎప్పటికీ పూర్తిగా ఉడకదు. తగ్గించాల్సింది కోబాల్టు.

పెద్ద అతుకుకి ఈ సెట్టు చాలదు. ఈ మ్యాట్ చదరపు మీటరు తడవాలంటే కిలో పైనే రెజిన్ కావాలి, అంటే మొత్తం సెట్టు ఒక్క పొరకే సరి. చిన్న అతుకులకైతే ధారాళంగా మిగులుతుంది. 4 మి.మీ. గోడలో 2 సెం.మీ. చిల్లు అనుకోండి. 40 గ్రిట్ డిస్కుతో చిల్లు చుట్టూ 5 సెం.మీ. దాకా ఏటవాలుగా గ్రైండ్ చేయాలి. ఆపైన కూడా మ్యాట్ పడే మేరంతా గరుకు చేయాలి. జెల్‌కోటు (ట్యాంకు పైనుండే నున్నటి పూత) మెరుపు అక్కడెక్కడా మిగలకూడదు, మిగిలితే అతుకు అక్కడే పొరలా లేచిపోతుంది. తర్వాత 12, 16, 20 సెం.మీ. చదరపు మ్యాట్ ముక్కలు, చిన్నది ముందు. మూడు పొరలకీ 100 గ్రాముల రెజిన్ చాలు, వృథాతో కలిపి 150. ప్రతి పొరనీ రోలరుతో నొక్కి గాలి బుడగలు తీయాలి. మ్యాటులో తెల్లమచ్చ కనిపించిందంటే అక్కడ తడవలేదనే అర్థం.

సముద్రపు నీటి ట్యాంకుల్లో అతుకు ఊడటానికి అసలు కారణం తడి. గ్రైండ్ చేశాక పొడిగానే కనిపిస్తుంది, గంటకల్లా నారల్లోంచి ఉప్పునీరు చెమర్చుతుంది. మంచినీటితో కడిగి, కనీసం ఒక రోజంతా హాలోజన్ దీపం కింద ఆరబెట్టి, ఆఖర్న అసిటోన్‌తో తుడవాలి.

సెట్టులో లేనిది, హేచరీకి తప్పనిసరైనది, పై కోటులో కలిపే మైనం ద్రావణం. అది లేకపోతే గాలి తగిలి పైపొర జిగటగానే ఉండిపోతుంది. ఆ జిగటలో మిగిలిన స్టైరీన్ (రెజిన్‌లో ఉండే ఘాటైన రసాయనం) నీళ్లలోకి దిగుతుంది, లార్వాలు తట్టుకోలేవు. మైనం దొరక్కపోతే పాలియెస్టర్ ప్లాస్టిక్ షీటు కప్పి ఆరనివ్వండి. పని అయిన మర్నాడు అసిటోన్ గుడ్డతో రుద్దితే వేలికి అంటకూడదు. అంటలేదని వెంటనే నీళ్లు పెట్టకండి. నాలుగైదు రోజులు ఎండనిచ్చి, మూడుసార్లు నీళ్లు నింపి పారబోయాలి. ఎప్పుడూ నీళ్లలో ఉండే అడుగు భాగానికి ఈ జీపీ కన్నా ఐసో రెజిన్ (నీటిని ఎక్కువ తట్టుకునే రకం) మేలు, కాస్త ఖరీదైనా సరే.

హైడ్రోక్లోరిక్ యాసిడ్ ట్యాంకుకి ఈ సెట్టు జోలికే పోవద్దు. దానికి వినైల్ ఎస్టర్ (యాసిడ్‌ని తట్టుకునే రెజిన్), లోపలి పొరకి ప్రత్యేకమైన సర్ఫేస్ టిష్యూ (పలుచటి నార పొర) కావాలి. ఆ పని తెలిసిన మేస్త్రీకే అప్పగించండి.

మార్కులు ఐదుకి మూడు. ఒకటి కొలత లేనందుకు, ఇంకొకటి డబ్బా మీద తయారీ తేదీ లేనందుకు పోయాయి. ఎండలో పెట్టిన రెజిన్ నెలల్లోనే పాడవుతుంది. కొనేముందు మూత తీయించి పుల్లతో కలిపి ఎత్తి చూడండి, సన్నటి ధారగా జారాలి. జున్నులా ముక్కలు తేలితే షాపులోనే వదిలేసి రండి.