టాస్ లేని లీగు, కికాఫ్ లేని లీగు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక్క ఏడాదిలోనే మూతపడ్డ లీగులు: 2001 నాటి ఎక్స్‌ఎఫ్‌ఎల్, 2019 నాటి ఏఏఎఫ్. రెండింట్లోనూ ఎనిమిదేసి జట్లు. మొదటిదాని వెనక రెజ్లింగ్ వ్యాపారి విన్స్ మెక్‌మాన్‌తో పాటు అమెరికా టీవీ సంస్థ ఎన్‌బీసీ క్రీడా విభాగం పెద్ద డిక్ ఎబర్‌సాల్ ఉన్నాడు. రెండోదాన్ని పెట్టిన ఇద్దరిలో ఒకడు ఎబర్‌సాల్ కొడుకు చార్లీయే.

ఎక్స్‌ఎఫ్‌ఎల్‌లో టాస్ ఉండేది కాదు. దాని బదులు చెరో జట్టు నుంచి ఒకడు పరుగెత్తి, నేల మీది బంతి కోసం కలబడాలి. తొలి రోజే ఆర్లాండో ఆటగాడి భుజానికి గట్టి దెబ్బ తగిలింది. ఏఏఎఫ్ అసలు కికాఫ్‌నే, అంటే బంతిని అవతలి వైపు తన్ని రెండు జట్లూ ఎదురెదురుగా దూసుకొచ్చే ఆరంభాన్నే, తీసేసింది. ఆటగాళ్ల ఒళ్లు ముఖ్యం కదా, ఈ విషయంలో నా ఓటు దీనికే.

కానీ ఎక్స్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ దాకా ఆడింది. లాస్ ఏంజెలెస్ 38-6తో గెలిచింది. ఏఏఎఫ్ ఎనిమిది వారాలకే ఆగిపోయింది. ఈ లీగులో ఏడు గెలిచి ఒక్కటే ఓడిన ఆర్లాండో జట్టుకి కప్పు కోసం ఆడే అవకాశమే దక్కలేదు. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.