ఫ్రెనెల్ ప్రిజం పొర: ఒకటి రెండుగా కనిపించే నెలలకు మంచి ఆసరా

మధుమేహం చాలాకాలంగా ఉన్నవారిలో, కంటిని కదిలించే నాడులకు రక్తం అందించే సన్నని నాళాలు దెబ్బతిని, ఉన్నట్టుండి ప్రతి వస్తువూ రెండుగా కనిపించడం కద్దు. నాకు ఎడమవైపు ఆరవ కపాల నాడి అలా దెబ్బతిన్నది. కంటిని చెవివైపు తిప్పే కండరాన్ని ఆడించేది ఆ నాడే కనుక, అది చచ్చుబడితే కన్ను ముక్కువైపుకు ఒరిగిపోయి, దూరాన ఉన్నవన్నీ పక్కపక్కన రెండేసి కనబడతాయి. ఇలాంటివి చాలావరకు 3 నుంచి 6 నెలల్లో వాటంతటవే తగ్గుతాయని వైద్యులు ధైర్యం చెప్పారు. అయితే ఆ నెలల్లోనూ ఇంట్లో తిరగాలి, వీధిలోకి వెళ్లాలి, ఎదుటి మనిషి ముఖం చూసి మాట్లాడాలి. అందుకు నాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికివచ్చిన వస్తువు ఫ్రెనెల్ ప్రిజం పొర, అంటే కాంతిని వంచి బొమ్మను పక్కకు జరిపే, కళ్లజోడు అద్దానికి అంటించుకునే పలుచని ప్లాస్టిక్ పొర.

మొదట అందరూ ఒక కన్ను మూసుకోమంటారు. కంటికి గంత కట్టుకుంటే రెండో బొమ్మ పోతుంది, ఖర్చూ లేదు. కానీ ఒంటికంటితో దూరాల అంచనా తప్పుతుంది. గ్లాసులో పోయబోయిన నీళ్లు బల్ల మీద పడతాయి, మూసిన వైపు నుంచి వచ్చే సైకిలు దగ్గరికి వచ్చేదాకా తెలియదు. కళ్లజోడు అద్దానికి మసక టేపు అంటించుకోవడం ముఖానికి కాస్త హాయి అయినా, చూపు మాత్రం ఒంటికంటిదే. రెండు కళ్లనూ కలిపి పనిచేయించేది ప్రిజం ఒక్కటే.

ప్రిజం శక్తిని డయాప్టర్లలో కొలుస్తారు. 1 డయాప్టరు ప్రిజం మీటరు దూరంలోని బొమ్మను 1 సెంటీమీటరు పక్కకు జరుపుతుంది. నాకు 15 అవసరమయ్యాయి. అంత శక్తిని మామూలు అద్దంలోనే చెక్కితే దాని అంచు ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా లావెక్కుతుంది, ఆ బరువు ముక్కు మోయలేదు. ఫ్రెనెల్ పొర దాదాపు 1 మిల్లీమీటరు మందం ఉన్న మెత్తని ప్లాస్టిక్. పెద్ద ప్రిజాన్ని సన్నగా తరిగి, ఆ ముక్కలను పక్కపక్కన పరిచినట్టు దాని మీద నిలువు గాడులు ఉంటాయి. 19వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రెనెల్ లైట్‌హౌసు దీపాల కోసం రూపొందించిన అద్దాల సూత్రమే ఇందులోనూ ఉంది.

అంటించడానికి జిగురు అక్కరలేదు. అద్దాన్ని, పొరను నీళ్ల గిన్నెలో ముంచి, నున్నటి వైపును అద్దం లోపలి ముఖానికి ఆనించి, బొటనవేలితో బుడగలను అంచుకు నెట్టి, ఆరనిస్తే చాలు. దిశ మాత్రం ప్రాణం వంటిది. నా సమస్యకు ప్రిజం పీఠం, అంటే దళసరి వైపు, కణతవైపు ఉండాలి. నేను ముందు వెళ్లిన దుకాణంలో దానిని ముక్కువైపు పెట్టి అంటించగా, రెండు బొమ్మల మధ్య ఎడం తగ్గకపోగా రెట్టింపయింది. కొలత తీసిన చోటే తిరిగి చూపించి సరిచేయించుకున్నాను. కాబట్టి పొర అంటించిన కళ్లజోడు పెట్టుకుని, దూరపు గడియారం ఒక్కటిగా కనిపిస్తోందో లేదో చూసుకున్నాకే దుకాణం విడిచి రావాలని నా సలహా.

లోపాలు లేవనను. పొర అంటించిన ఎడమ కంటి చూపు కొంత మసకబారుతుంది, శక్తి పెరిగేకొద్దీ ఆ మసక పెరుగుతుంది. ట్యూబులైటు అంచున రంగుల చార కనిపిస్తుంది, రాత్రిపూట వాహనాల దీపాలు కంటిలో చెదిరిపోతాయి. గాడుల్లో చేరే దుమ్మును గోరువెచ్చని సబ్బునీళ్లతో, మెత్తని బ్రష్షుతో మెల్లగా కడగాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇది ఎదురుగా చూసేటప్పుడే బొమ్మలను కలుపుతుంది. కళ్లు ఎడమకు తిప్పితే అవి మళ్లీ విడిపోతాయి కనుక, మెడను తిప్పి చూడడం అలవాటు చేసుకోవాలి. పొర ఉంది కదా అని బండి నడపడానికి నేను సాహసించలేదు, వైద్యులు అనుమతించేదాకా ఎవరూ సాహసించవద్దని కోరుతున్నాను.

బైఫోకల్, అంటే పైన దూరానికి, కింద చదవడానికి వేరువేరు భాగాలున్న అద్దాలు వాడేవారికి మరొక మాట. ఈ నాడి సమస్యలో దగ్గరి వస్తువులు చాలాసార్లు ఒక్కటిగానే కనిపిస్తాయి. అందుకని నా పొరను చదువుకునే భాగం మీదికి రాకుండా, పైభాగానికి మాత్రమే సరిపోయేలా కత్తిరించారు. పత్రిక చదవడానికి ఆ ఏర్పాటు ఎంతో బాగుంది. మెట్లు దిగేటప్పుడు మాత్రం చూపు పొర కిందికి జారి మెట్టు అంచు రెండవుతుంది. గడ్డం బాగా దించి పొర గుండానే చూస్తూ, చేత్తో గోడను పట్టుకుని దిగాలి.

ఈ పొరను కొనడానికి ముందు కారణం తేల్చుకోవడం తప్పనిసరి. రెండుగా కనిపించడంతో పాటు తీవ్రమైన తలనొప్పి, రెప్ప వాలడం, కంటిపాప పెద్దదవడం, మాట తడబడడం వంటివి ఉంటే ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి. అలాంటివి లేకపోయినా, నేత్రవైద్యుడు కొలిచి రాసిచ్చిన శక్తినే తెప్పించుకోవాలి. అన్ని దుకాణాలలోనూ సిద్ధంగా దొరికే సరుకు కాదిది. నాడి కోలుకుంటున్నకొద్దీ కొలత మారుతుంది. నా 15 డయాప్టర్ల పొరను తీసేసి 8 డయాప్టర్లది అంటించినప్పుడు కళ్లజోడు మార్చవలసిన పని పడలేదు, పాత పొర ఊడదీసిన చోట అద్దం మీద మరక కూడా మిగలలేదు.